మిగిలింది మూత చూసుకుంటుంది

తెల్లన్నం వండడాన్ని వంటగా లెక్కపెట్టేవాళ్లు తక్కువ. వంటల పుస్తకాలు దాన్ని దాటేసి పప్పుల దగ్గరో కూరల దగ్గరో మొదలవుతాయి. కానీ తప్పు దాచుకోవడానికి చోటే లేని వంట ఇది. కూర కాస్త చెడితే కారమో చింతపండో ఆదుకుంటుంది. అన్నంలో బియ్యం, నీళ్లు, మంట తప్ప నాలుగోది లేదు. సన్నబియ్యమైతే కిలోకు దాదాపు లక్ష గింజలుంటాయి. ఆ లక్షా ఒకే వేళకు, ఒకే మెత్తదనానికి రావాలి. గింజ చిట్లకూడదు, గిన్నెలో ఒకదానికొకటి అంటుకోకూడదు, కంచంలో పప్పు వేసి కలిపితే మాత్రం ముద్ద కట్టాలి. కుక్కరు వచ్చాక ఈ పని గురించి ఆలోచించడం మానేశాం. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లలో ఎసరు పెట్టి, గంజి వంచి వండేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడి మొదటినుంచి చివరిదాకా చూస్తే, ఆ పనిలో ఎంత తెలివి ఉందో ఒక్కో మెట్టు దగ్గరా బయటపడుతుంది.

ముందు గింజ సంగతి. 13వ శతాబ్దంలో కాకతీయుల ఏలుబడిలో కట్టిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఇక్కడివాళ్లు తినడానికి కోరుకునేది సన్నరకమే. సాంబమసూరి అనగానే మనదే అనుకుంటాం గానీ, బాపట్ల నుంచి 1986లో విడుదలైన ఆ బీపీటీ 5204లో తమిళనాట పుట్టిన జీఈబీ 24, తైవాన్‌కు చెందిన టీఎన్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి కలిసి ఉన్నాయి. వరంగల్ పరిశోధన స్థానం ఇచ్చిన డబ్ల్యూజీఎల్ 44ను సిద్ధి అంటారు. రాజేంద్రనగర్ ఇచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 తెలంగాణ సోనాగా పేరు తెచ్చుకుంది. కిరాణా కొట్లో సంచీ మీద కనిపించే హెచ్ఎంటీ మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో ఏరి పెంచిన రకం. ఆ రోజుల్లో పేరున్న చేతి గడియారం పేరే దానికి పెట్టారు.

ఊక పోయి, తవుడు పోయి, మొలక ఉండే ముక్కు కూడా పోయాక మిగిలే తెల్ల గింజలో ముఖ్యంగా ఉండేది పిండిపదార్థం. అది గింజలో పొడిలా ఉండదు, చిన్న చిన్న రేణువులుగా గట్టిగా కూరి ఉంటుంది. బియ్యంలోని ఈ రేణువులు గోధుమలోని వాటికంటే, మక్కలోని వాటికంటే చిన్నవి. మిల్లీమీటరులో వెయ్యో వంతును కొలతగా పెట్టుకుంటే మూడు నుంచి ఎనిమిది దాకా వస్తాయి. రేణువు లోపల రెండు రకాల గొలుసులుంటాయి. అమైలోజ్ దాదాపు తిన్నగా సాగేది, అమైలోపెక్టిన్ కొమ్మలు వేసేది. అమైలోజ్ ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, తక్కువుంటే జిగురుగా వస్తుంది. జపాన్ బియ్యం పుల్లలతో తినడానికి వీలుగా అంటుకుంటే, సాంబమసూరి మెతుకు విడిగా నిలబడుతుంది. మన సన్నబియ్యపు పిండిలో నాలుగో వంతుకు కాస్త అటూఇటూ అమైలోజే.

విరిగిన గింజ ఈ లెక్కంతా పాడుచేస్తుంది. విరిగిన చోట రేణువులు నేరుగా నీళ్లలోకి తెరుచుకుంటాయి, ముందే ఉడికి జిగురు వదులుతాయి. అందుకే చాటలో పోసి నూకలు చెరుగుతారు. యాసంగి వడ్లలో నూక ఎక్కువ రావడానికి కారణం ఎండ. ఏప్రిల్, మే వేడికి గింజ త్వరగా ఆరి, లోపల కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. మిల్లులో ఆ పగులు దగ్గరే గింజ రెండవుతుంది. చాట ఎగరేసినప్పుడు తేలిక పొట్టు గాలికి ముందుకు పోతుంది, బరువైన నిండు గింజ వెనక్కి చేతి వైపు జారుతుంది, నూక ఆ రెంటికీ మధ్య చేరుతుంది. మణికట్టును కొద్దిగా పక్కకు తిప్పుతూ కొడితే ఆ మధ్య వరస అంచుకు వచ్చి కింద పడుతుంది. నిండు గింజ ఒక్కటీ పడదు.

దీనికంటే గొప్ప పని గాలించడం. మిల్లుల్లో రాళ్లు ఏరే యంత్రాలు, రంగు చూసి గింజ వేరుచేసే సార్టెక్స్ యంత్రాలు వచ్చాక ఇళ్లలో ఇది దాదాపు పోయింది. పోవడం న్యాయమే, రోజూ అరగంట మిగిలింది. కానీ పద్ధతి మాత్రం చెప్పుకోదగ్గది. రెండు గిన్నెలు కావాలి. ఒకదాంట్లో బియ్యం, బియ్యం మీద జానెడు నీళ్లు. గిన్నెను రెండు చేతులతో పట్టి గుండ్రంగా ఊపితే నీళ్లు తిరుగుతాయి, నీళ్లతో పాటు బియ్యం లేస్తుంది. సరిగ్గా లేచిన క్షణాన గిన్నె వంచితే, తేలుతున్న బియ్యం నీళ్లతో రెండో గిన్నెలోకి జారుతుంది. బియ్యపు గింజ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, ఇసుక రాయి రెండున్నర రెట్లు దాటుతుంది. ఆ తేడా వల్లే గింజ లేచేంత ఊపుకు రాయి లేవదు. మళ్లీ నీళ్లు, మళ్లీ ఊపు, మళ్లీ కొంచెం బియ్యం అవతలికి. చివరికి మొదటి గిన్నె అడుగున పిడికెడు బియ్యంతో పాటు రాళ్లన్నీ మిగులుతాయి. ఎక్కువ ఊపితే రాయి కూడా లేస్తుంది, తక్కువైతే బియ్యమూ కదలదు. ఎంత ఊపాలో చేతికే తెలుస్తుంది. గనుల్లో బరువైన ఖనిజాన్ని తేలికపాటి మట్టి నుంచి వేరుచేసే సూత్రం కూడా ఇదే.

కడగడం రెండు మూడు సార్లు. మొదటి నీళ్లు పాలలా తెల్లగా వస్తాయి. గింజలు ఒకదానికొకటి రాసుకుని రాలిన పిండి, అంటుకున్న తవుడు దుమ్ము అందులో ఉంటాయి. దాన్ని వదిలేస్తే ఎసట్లో చిక్కబడి గింజల మధ్య జిగురవుతుంది. ఆ కడుగు నీళ్లు పశువులున్న ఇంట్లో కుడితిలోకి పోతాయి. గట్టిగా పిసికి కడగకూడదు, నానడం మొదలైన గింజ సులువుగా విరుగుతుంది. తరవాత ఇరవై నిమిషాలో అరగంటో నానబెడతారు. పొడిగా ఉన్నప్పుడు అద్దంలా సగం కనిపించే గింజ నానేకొద్దీ సున్నంలా తెల్లబడుతుంది. పొడి బియ్యంలో నూటికి 12 నుంచి 14 వంతులుండే తేమ నానాక 30 దగ్గరకు చేరుతుంది. నీరు ముందే నడిమికి చేరి ఉంటుంది కాబట్టి, మంట మీద గింజ పైభాగం లోపలి భాగం కోసం ఎదురుచూస్తూ చిమిడిపోదు. వరంగల్ ఎండాకాలంలో కుండ నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి, అప్పుడు పావుగంట చాలు.

ఇప్పుడు ఎసరు. బియ్యానికి అయిదారు రెట్లు నీళ్లు గంజులో పోసి పొయ్యి మీద పెడతారు. గంజు అంటే ఇక్కడ అంచు బయటికి వంగిన వెడల్పు నోటి గిన్నె. ఆ వంగిన అంచు ఎందుకో గంజి వంచేటప్పుడు తెలుస్తుంది. నీళ్లు తెర్లాకే బియ్యం వేయాలి. చల్లటి నీళ్లతో పాటు బియ్యం పెడితే, నీళ్లు కాగేదాకా గింజ పైపొర వెచ్చటి నీళ్లలో నానుతూ పిండి వదులుతూనే ఉంటుంది. మరిగే ఎసట్లో పడ్డ గింజ పైపొర వెంటనే బిగుస్తుంది. బియ్యం పడగానే మరుగు ఆగిపోతుంది. ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే గింజలు అడుగుకు చేరి అంటుకుంటాయి కాబట్టి, అప్పుడు ఒక్కసారి తెడ్డుతో అడుగు నుంచి కలుపుతారు. మరుగు తిరిగి వచ్చాక ఇక కలపరు, కలిపే పని నీళ్లే చూసుకుంటాయి.

ఇక్కడ మంట గురించి ఒక మాట. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తులో నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా ఆ అంకె కదలదు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది. అన్నం త్వరగా అవ్వాలని మంట పెంచేవాళ్లు నిజానికి ఆవిరిని త్వరగా తయారు చేస్తున్నారు. మంట ఉండాల్సింది గింజలు పైకీ కిందికీ తిరుగుతూ ఉండేటంత. అడుగున వేడెక్కిన నీరు మధ్యలోంచి పైకి లేస్తుంది, అంచుల వెంట దిగుతుంది, గింజల్ని తనతో తిప్పుతుంది. ప్రతి గింజా అడుగు వేడినీ, పై వేడినీ సమానంగా చూస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని పెద్దలు చెప్పిన మాట నిజమయ్యేది ఈ తిరుగుడు వల్లే. కొలిచి నీళ్లు పోసి ఇగిర్చే అన్నంలో ఆ మాట అంత నమ్మదగింది కాదు. అక్కడ నీళ్లు తగ్గేకొద్దీ గింజలు ఉన్నచోటే ఆగిపోతాయి. అడుగుది మెత్తబడేసరికి పైది పలుకుగా ఉండొచ్చు.

కాసేపటికి నురగ. గింజల్లోంచి బయటపడ్డ పిండి, కొద్దిపాటి మాంసకృత్తులు నీటి బుడగల చుట్టూ పలుచని పొర కడతాయి. మామూలు నీళ్ల బుడగ పైకి రాగానే పగిలిపోతే, ఈ పొర ఉన్న బుడగ పగలక ఒకదాని మీద ఒకటి పేరుకుని గిన్నె దాటుతుంది. మూత పూర్తిగా వేస్తే పొంగేది అందుకే. మూతను ఓరగా పెడితే పైన గాలి తగిలి పొర చల్లబడి పగులుతుంది. కొందరు రెండు చుక్కల నూనె వేస్తారు. నూనె ఆ పొరలో దూరి దాన్ని చింపేస్తుంది. కొందరు తెడ్డును అడ్డంగా గిన్నె మీద పెడతారు. పొంగు ఎక్కి తెడ్డుకు తగిలినచోట బుడగలు పగులుతాయి. పొంగు బలంగా ఉంటే ఇది ఆపలేదు గానీ, వండేవాళ్లు పక్క పొయ్యి మీది పప్పు చూసి వచ్చేంత వ్యవధి ఇస్తుంది.

నానిన సన్నబియ్యానికి మరుగు తిరిగొచ్చాక పది పన్నెండు నిమిషాలు. ఈలోపు గింజలో ఏం జరుగుతోందంటే, 70 డిగ్రీల చుట్టుపక్కల (రకాన్ని బట్టి కొంత అటూఇటూ) పిండి రేణువుల లోపలి అమరిక సడలుతుంది. అవి నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, మెత్తని జెల్లీ అవుతాయి. ఈ మార్పు పైనుంచి లోపలికి వలయంలా నడుస్తుంది. వలయం దాటిన భాగం మెత్తగా మెరుస్తుంది, దాటని నడిమి తెల్లగా గట్టిగా ఉంటుంది. ఆ నడిమే పలుకు. తెడ్డు చివర నాలుగు మెతుకులు తీసి, ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూస్తారు. రెండు మూడు తెల్లటి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆగాలి. సూదిమొనంత ఒక్క చుక్క కనిపిస్తే అదే సమయం. ఏ చుక్కా లేకపోతే ఆలస్యమైనట్టే.

వంట రానివాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. చుక్క పూర్తిగా పోయేదాకా ఉడికిస్తేనే కదా ఉడికినట్టు? కాజీపేటలో మా పెద్దమ్మ దీనికి ఒకే సమాధానం చెప్పేది: "పలుకు ఉండంగనే వంచాలె బిడ్డా. మిగిలింది మూత సూసుకుంటది." ఈ పద్ధతిలోని పనితనమంతా ఆ మాటలో ఉంది. పిండి ఉడకడానికి 99 డిగ్రీలు అక్కర్లేదు, 70 దాటితే చాలు. మూతపెట్టిన గిన్నెలో వేడి చాలాసేపు ఆ హద్దు కిందికి దిగదు. నీరూ ఉంది, వేడీ ఉంది, ఇక నడిమి చుక్కకు కావాల్సింది సమయం. ఆ సమయాన్ని మరిగే నీళ్లలో ఇస్తే బయటి పొర చిట్లుతుంది. ఆవిట్లో ఇస్తే చిట్లదు. అన్నాన్ని పొయ్యి మీద పూర్తి చేయకపోవడమే అసలు నేర్పు.

గంజి వంచడం చూడ్డానికి భయంగా ఉండే పని, చేసేవాళ్లకు రెండు నిమిషాలది. చిల్లుల సిబ్బిని నోటికి అమర్చి, రెండు మసిబట్టలతో గిన్నె అంచునూ సిబ్బినీ కలిపి బొటనవేళ్లు పైన, మిగతా వేళ్లు వంగిన అంచు కింద వచ్చేలా పట్టాలి. ఆ అంచు లేకపోతే వేళ్లకు ఊతం దొరకదు. మొదట కొద్దిగానే వంచుతారు. ముందు పైనున్న పలుచటి గంజి పోతుంది, ఆవిరి ముఖం మీదికి రాకుండా గిన్నెను తనకు దూరంగా వంచుతారు. గంజి తగ్గేకొద్దీ బరువు గిన్నె నుంచి సిబ్బి మీదికి మారుతుంది. చేతిపట్టు కూడా దాంతోపాటే మారకపోతే అన్నమంతా గంజిలోకి. పూర్వం వెదురు సిబ్బి ఉండేది, ఇప్పుడు స్టీలుది. అదీ లేని ఇంట్లో మామూలు మూతనే కొద్దిగా జరిపి సందులోంచి వంచుతారు. సందు గింజ మందం కంటే ఎక్కువున్నా అన్నం జారదు. మేడారం జాతరలో ఇరుకు దారి దగ్గర జనం ఒకరినొకరు తోసుకుని ఎవరూ కదలలేకపోయినట్టు, మెతుకులు సందు దగ్గర ఒకదానికొకటి ఆని వంతెన కడతాయి. గంజి ఆ వంతెన మధ్యలోంచి పోతుంది. ఒక్కసారి విసురుగా వంచితే మాత్రం వంతెన కట్టేలోపే మెతుకులు దూకేస్తాయి. చివరి చుక్కల కోసం గిన్నెను ఓరగా బోర్లించి ఏదైనా ఆసరాకు ఆనించి ఒకటి రెండు నిమిషాలు వదిలేస్తారు.

తరవాత గిన్నెను తిరిగి సన్న సెగ మీద, మూత గట్టిగా వేసి, మూడు నాలుగు నిమిషాలు. మెతుకుల మీద మిగిలిన తడి ఆవిరవుతుంది. కట్టెల పొయ్యి అయితే మండే కట్టెల్ని బయటికి లాగి నిప్పుల మీద పెడతారు. ఆ వేడి గ్యాసు సిమ్ కంటే సమానంగా పరుచుకుంటుంది, ఆ విషయంలో కట్టెల పొయ్యికే నా ఓటు. పొగ విషయంలో కాదు. దించాక పది నిమిషాలు ఉమ్మగిల్లనివ్వాలి. అప్పుడు బయట ఎక్కువగా ఉన్న తేమ గింజ లోపలికి నడుస్తుంది, పలుకు కరిగిపోతుంది, మెతుకు పొడవునా ఒకే మెత్తదనం వస్తుంది. మధ్యలో మూత తీసి చూస్తే ఆవిరి పోతుంది, దాంతో ఆ పని సగంలో ఆగుతుంది. పది నిమిషాలయ్యాక తెడ్డును అంచు వెంట దించి, అడుగు నుంచి పైకి రెండు మూడు సార్లు ఎత్తి పొల్లిస్తారు. లేకపోతే మూతకు పట్టిన ఆవిరి చుక్కలై పైఅన్నం మీద పడి ముద్ద చేస్తుంది. 13 వంతుల తేమతో మొదలైన గింజ ఇప్పుడు దాదాపు మూడింట రెండు వంతులు నీరే.

ఉడకడం ఆపాల్సిన క్షణాన్ని యంత్రం ఎలా పట్టుకుంటుందో చూడటం సరదాగా ఉంటుంది. జపాన్‌లో తొషిబా 1955లో అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రిక్ కుక్కరుకు మెతుకు నొక్కి చూసే వేళ్లు లేవు. విడి నీరు ఉన్నంతసేపు వేడి 100 దాటదు, నీరు అయిపోగానే ఎక్కుతుంది. ఆ ఎక్కడమే దాని సంకేతం. తరవాత వచ్చిన కుక్కర్లలో గిన్నె కింద ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న లోహపు ముక్క 100 డిగ్రీలు కాస్త దాటగానే ఆకర్షణ కోల్పోతుంది, స్ప్రింగు మీట ఎగిరి పడుతుంది, 'టక్'మని ఆగుతుంది. చక్కటి ఏర్పాటే. అయితే అది చూసేది నీళ్లను, పెద్దమ్మ చూసేది గింజను. కొత్త బియ్యం పోసినా పాత బియ్యం పోసినా యంత్రానికి ఒకటే.

ఆ తేడా చిన్నది కాదు. సంక్రాంతికి వచ్చే కొత్త బియ్యం త్వరగా మెత్తబడి జిగురు వదులుతుంది. పరమాన్నానికి అదే కావాలి, భోజనానికి వద్దు. ఆరు నెలలు నిలవైన బియ్యంలో పిండి రేణువుల చుట్టూ ఉన్న మాంసకృత్తులు తమలో తాము ముడిపడి గట్టిపడతాయి. గింజ ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఎక్కువ సాగుతుంది, విడిగా ఉంటుంది. పాత బియ్యానికి ఎక్కువ ధర పలికేది ఈ గుణం కోసమే. కొత్త బియ్యం వండేటప్పుడు నానబెట్టడం తగ్గించి, పలుకు ఇంకా పెద్దగా ఉండగానే వంచేస్తారు.

గంజి వంచితే బి విటమిన్లు దాంతో పోతాయని పోషకాహార నిపుణులు అంటారు. నిజమే. అందుకే గంజిని పారబోయడం నాకు నచ్చదు. ఉప్పేసి, కాస్త మజ్జిగ కలిపి తాగితే పోయింది తిరిగొస్తుంది. మిగిలింది నూలు చీరలకు పడుతుంది. ఆరిన గంజిలోని అమైలోజ్ దారం చుట్టూ పలుచని పొర కట్టి బట్టకు నిలువు ఇస్తుంది. మగ్గం ఎక్కే పడుగు దారాలకు నేతపనివాళ్లు గంజి పట్టించేదీ దీనికే, రాపిడికి పోగు తెగకుండా.

ఒక వంటమనిషి చేతిని పూర్తిగా పరీక్షించే రోజు సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది, అయిదూ ఒకే బియ్యంతో, ఒకే పొద్దున తయారు కావాలి. చాలా ఇళ్లలో అన్నం రెండు వాయిలు వండుతారు. పులిహోర, నిమ్మకాయ సద్దికి ఒక నిమిషం ముందే, పలుకు బాగా కనిపిస్తుండగానే వంచి, వెడల్పు పళ్లెంలో పరిచి నూనె కలిపి ఆరబెడతారు. చల్లారుతున్నకొద్దీ అమైలోజ్ మళ్లీ దగ్గరకు చేరి మెతుకు బిగుస్తుంది, తరవాత పులుపు పోసి కలిపినా విరగదు. పెరుగు సద్దికి రెండో వాయి, ఒక నిమిషం ఎక్కువ ఉంచి, వేడి మీదే కాస్త మెదిపి, పాలు పోసి పక్కన పెడతారు. సాయంత్రం బతుకమ్మ ఆడి, వేయిస్తంభాల గుడి నుంచో చెరువుకట్ట నుంచో వచ్చి సద్ది పంచేసరికి అది పాలన్నీ పీల్చుకుని బిగుస్తుందని తెలుసు కాబట్టి, పొద్దున దాన్ని కావాలనే జారుగా కలుపుతారు. కొబ్బరి, నువ్వుల సద్దులు మొదటి వాయిలోంచే తీస్తారు. నువ్వుల పొడి తేమ లాగేస్తుంది కనుక, దానికి పళ్లెం నడిమధ్య ఇంకా కాస్త తడి ఉన్న అన్నాన్ని ఎంచి పెడతారు.